పేరున్న జబ్బు

పక్క మంచం మీది మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆమె నాకు చేసిన అపకారమేమీ లేదు. ఆమె జబ్బుకు పేరుంది, నా జబ్బుకు లేదు, అంతే.

హిందీ రాష్ట్రం అంచున ఉన్న కొంటాలో హైవే పక్కన నాది ఇడ్లీ బండి. లారీ డ్రైవర్లు, శబరి ఏటి అవతలి నుంచి సంతకు వచ్చేవాళ్ళు నా దగ్గరే తినేవాళ్ళు. ముక్కులో పక్కులు కట్టి, చీదితే నెత్తురు పడడం మొదలయ్యాక కూడా బండి నడిచింది. ముక్కు దూలం లోపలికి కూరుకుపోతున్నప్పుడు మాత్రం జనం పెద్దరోగం అన్నారు. నా మొహాన అనలేదు, పక్క బండికి పోయి అన్నారు. మా ఆయనొక్కడే రోజూ నా చేతి ఇడ్లీ తిన్నాడు, అదీ రోడ్డు మీద అందరికీ కనపడేలా నిలబడి.

పెద్దాసుపత్రిలో నా ముక్కులోంచి రెండుసార్లు ముక్క తీసి పరీక్షకు పంపారు. రెండుసార్లూ వాపు ఉందన్నారు, ఎందుకో తేలలేదన్నారు. క్షయ కావచ్చు, కుష్టు కావచ్చు, బూజు వల్ల కావచ్చు, ఒంటిని కాపాడాల్సిన రక్తమే తిరగబడడం కావచ్చునట. ఒకదానికిచ్చే మందు ఇంకోదాన్ని పెంచుతుంది కాబట్టి తేలేదాకా ఏదీ మొదలుపెట్టలేమని ముక్కు డాక్టరుగారు హిందీలో నిదానంగా చెప్పారు. ఆయన మాట న్యాయంగానే ఉంది. కానీ ఏం రోగమో తెలియకుండా కొంటాలో బస్సు దిగి నేనెవరికి ఏమని చెప్పను?

నన్ను మూడోసారి చేర్చుకున్నప్పుడు ఆమె పక్క మంచం మీదికి వచ్చింది. భేజ్జి ఊరి వైపు దోర్ల తెగ మనిషి, నాకంటే చాలా చిన్నది. ఆమె ముక్కులో ఎర్రటి కండ పెరిగింది, దాని మీద రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు. డాక్టరుగారు లైటు వేసి చూసి అక్కడికక్కడే పేరు చెప్పేశారు. చెరువు నీళ్ళలో మునిగేవాళ్ళకు ఇటువైపు వస్తుంటుందట. కోసేసి దాని మొదలు కాలిస్తే సరి, మళ్ళీ రాకుండా చూసుకోవాలి. డాక్టరు చదువు చదివే పిల్లలు వరుసకట్టి వచ్చి ఆమె ముక్కులోకి తొంగిచూశారు. నా దగ్గరికి వస్తే వాసనకు ఊపిరి బిగబట్టేవాళ్ళు. దానికీ నాకు కుళ్ళే.

ఆమెకు హిందీ రాదు. బండి నడపాలంటే నాకు హిందీ, వాళ్ళు మాట్లాడే దోర్లి రెండూ కావాలి కనుక వచ్చు. అలా ఆమె అదృష్టాన్ని ఆమెకు విడమరిచి చెప్పే పని కూడా నా నెత్తినే పడింది.

ఆమె ఆపరేషన్‌కు ముందురోజు మత్తు డాక్టరు వచ్చాడు. తల నుంచి కాళ్ళదాకా అడగడం ఆయన పని. కీళ్ళు నొస్తాయా, కళ్ళు ఎర్రబడతాయా, మూత్రం రంగు మారిందా. నేను దోర్లిలో అడగడం, ఆమె లేదనడం, నేను హిందీలో అదే చెప్పడం. ఒక్కో ప్రశ్నకూ నా కడుపు మండిపోయింది. నా మోకాళ్ళకు కొంటా ఆర్‌ఎంపీ సూదులు వేస్తున్నాడు. ఎర్రబడ్డ కళ్ళకు మందుల షాపులో చుక్కలు కొన్నాను. మూత్రం టీ రంగులో వస్తే పొయ్యి వేడి అనుకొని బార్లీ నీళ్ళు తాగాను. ఇవన్నీ ముక్కు డాక్టరు దగ్గర ఎత్తడం మావైపు మర్యాద కాదు. బయట అంతమంది నిలబడి ఉంటే ముక్కు కోసం వచ్చినవాళ్ళు ముక్కు సంగతే చెప్పి లేవాలి. ఇంకేమైనా బాధలున్నాయా అని ముక్కు డాక్టరుగారే అడిగినా, లేవనే అన్నాను.

ఆమె చివరి 'లేదు' విన్నాక నాకు ఓపిక చచ్చిపోయింది.

"ఆమెకేం లేవు సార్. మీరు అడిగినవన్నీ నాకే ఉన్నయ్," అన్నాను.

దెప్పిపొడుపుగా అన్నాను. మత్తు డాక్టరు రాయడం ఆపి, కుర్చీ నా మంచం వైపు జరుపుకొని, అవే ప్రశ్నలు మొదటినుంచీ నన్ను అడిగాడు.

మూత్రంలో రక్తం ఉందనీ, మూత్రపిండాలు దెబ్బతినడం మొదలైందనీ తేలింది. ఆపరేషన్ చేసి ఆమెను ఇంటికి పంపేశాక నా రక్తం బయటి ఊరికి పరీక్షకు వెళ్ళింది. ముక్కులో పక్కులన్నీ తీసి, లోపలి బతికున్న కండలోంచి మళ్ళీ ముక్క తీశారు. ఈసారి దొరికింది. రక్తనాళాలు వాచి ముక్కునూ మూత్రపిండాలనూ పాడుచేసే అరుదైన జబ్బట, పేరు బారెడుంది. నేనడిగింది ఒక్కటే, అంటుకునేదా అని. కాదన్నారు. ఏళ్ళ తరబడి మందులు వాడాలని ఇంకా ఏదో చెబుతూనే ఉన్నారు, నేను వినలేదు.

మందులకు మోకాళ్ళు తేలికపడ్డాయి, మూత్రం తేటపడింది. కూరుకుపోయిన ముక్కు మాత్రం లేవలేదు. బండి మళ్ళీ పెట్టి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ నా జబ్బు పేరు చెప్పాను. అంత పొడుగు పేరు వినేసరికి జనం ఇంకాస్త దూరం జరిగారు.

ఒక సంతరోజు ఆమె వచ్చింది. చక్కగా నిటారుగా ఉన్న ముక్కు, మచ్చ కూడా లేదు. బల్ల మీద కూర్చొని ఇడ్లీ పెట్టమంది. పక్క బండి దగ్గర తింటున్న ఒకావిడ గొంతు తగ్గించి, భయం లేదా అని ఆమెను అడిగింది.

"ఏంది భయం? అక్క పక్క మంచంలనే పండుకున్న. అక్క చేతి నీళ్ళే తాగిన. నా ముక్కు సూడు," అంది ఆమె.

ఆవిడ చూసింది. అక్కడున్న మరికొందరూ చూశారు. తర్వాత ఒక్కొక్కరే నా బండి దగ్గరికి వచ్చారు, ఆ పూట గిన్నెలు ఖాళీ అయ్యాయి. డాక్టరుగారి మాట నేనెన్నిసార్లు చెప్పినా ఎవరికీ ఎక్కలేదు. చివరికి నాకు కూడు పెట్టింది కూడా ఆమె ముక్కే.