నాగూర్ వలి చెప్పే మొదటి భాగం

నాగూర్ వలికి ఉన్నది ఒకటే జబ్బు. రెండో భాగం సినిమా ఏదొచ్చినా, మొదటి భాగం కథ చెప్పందే ఎవరినీ లోపలికి పోనివ్వడు. గిద్దలూరులో సినిమా హాలు గేటు ఆయనది. టికెట్టు సగం చింపి, అట్లాగే పట్టుకుని కథ ఎత్తుకుంటాడు. కథ అయ్యేదాకా మిగతా సగం చిరగదు.

"నేను మొదటిది చూసినా మామా" అన్నారా, అయిపోయారే!

"చూసినావు సరే, అర్థమైందా?" అని మళ్ళీ మొదలుపెడతాడు.

ఆ వారం కొడవలి పట్టుకు తిరిగే ముసుగోడి సినిమా, రెండో భాగం, పడింది. తెర మీద పేర్లు అయిపోయాయి, రెండు హత్యలు కూడా అయిపోయాయి, జనం మాత్రం ఇంకా గేటు దగ్గరే. హాలు ఓనరు నరేంద్రకు ఒళ్ళు మండింది.

"మామా, దీనికి మొదటి భాగంతో పనేంది? ముసుగోడొస్తాడు, నరుకుతాడు. అంతే గదా!"

"ఎందుకు నరుకుతాడో తెలియొద్దా అల్లుడా?"

"వద్దు! రెండో భాగం దానంతట అదే నిలబడాల. రేపు ఒక్క ముక్క చెప్పినావంటే గేటుకు ఇంకో మనిషిని పెట్టుకుంటా."

వలి ముఖం వాడిపోయింది. ఆ గేటు పోతే ఆయన మాట వినే దిక్కే లేదు. ఇంట్లో భార్య కమ్రున్నీసా ముందు నోరు తెరిచే ధైర్యం ఆయనకు ఏనాడూ లేదు.

మర్నాడు మ్యాట్నీకి వలి పెదవులు బిగబట్టి టికెట్లు పరపరా చింపేశాడు. జ్వరమేమోనని ఇద్దరు ముగ్గురు ఆయన నుదురు కూడా తాకి చూశారు. తన మాట నెగ్గుతుందని చూపించడానికి నరేంద్ర తనే వెళ్ళి హాల్లో కూర్చున్నాడు.

ముసుగోడు మొదటి తలుపు తీశాడో లేదో, హాలంతా కెవ్వున కేక! రాచర్ల నుంచి ఆటోలో వచ్చిన ఆడవాళ్ళు చెప్పులు లోపలే వదిలేసి బయటికి పరుగు తీశారు. వాళ్ళందరికంటే ముందు నరేంద్ర ఉన్నాడు.

ఆ ఆడవాళ్ళలో భాగ్యమ్మ అనే ఆమె వలిని నిలదీసింది. "ఏందన్నా నువ్వు? నిన్న మా వదినకు అంతా చెప్పినావంట. వాడు నరికినోళ్ళెవరూ చావలేదని, అందరూ ముసుగోడి చుట్టాలేనని, అది రక్తం గాదు దానిమ్మ రసమని! ఆమె పడీపడీ నవ్వుకుంటా చూసొచ్చింది. నాకెందుకు చెప్పలేదు?"

వలి ఓనరు వైపు చూడకుండా, "మర్చిపోయినా చెల్లీ" అన్నాడు.

నరేంద్రకు అప్పుడే ఊపిరి అందింది. "మామా, మొదటి భాగం మన హాల్లోనే ఏసినాం గదా. దానిమ్మ రసం యాడుంది అందులో? ఒక్కడన్నా బతికినాడా?"

"నాకేం తెలుసు అల్లుడా? నేను చూస్తే గదా! రక్తం చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి."

"మరి నువ్వు చెప్పేదంతా?"

"వీళ్ళు కూలి చేసుకునేవాళ్ళు. ఎప్పుడో ఒకసారి సినిమాకొస్తారు. భయపడి మధ్యలో లేచిపోతే, వచ్చిన సంతోషమంతా పాడే గదా! అందుకని ఎవరికెంత భయముంటే అంత కథ చెప్తా."

ఈ మనిషినా తీసేద్దామనుకున్నానని నరేంద్రకు సిగ్గేసింది. పైన ప్రొజెక్టరు గదిలోకి కేకేసి ఆట ఆపించాడు. "మళ్ళీ మొదటినుంచి ఏపిస్తా. అందాకా వలి మామ కథ చెప్తాడు. గేటు ఆయనదే!"

ఆడవాళ్ళు మెట్ల మీద సర్దుకుని కూర్చున్నారు. నరేంద్ర కూడా వాళ్ళ మధ్యలోనే ఇరుక్కుని, గొంతు తగ్గించి అడిగాడు.

"ముందు ఇది చెప్పు మామా. వాడు ఆ ముసుగెందుకు ఏసుకుంటాడు?"

"పెళ్ళాం ఉల్లిగడ్డలు తెమ్మంటే మర్చిపోయినాడు. ఇంటికి ఏ ముఖం పెట్టుకొని పోతాడు, పాపం!"