సచ్చిన కాలేజీలో అవ్వ సామి

మొన్న చలి మొదలవుతూనే దుప్పట్లు తీద్దామని బీరువా తెరిస్తే గుప్పున కలరా ఉండల వాసన కొట్టింది. ఆ వాసనకు అందరికీ పాత పట్టుచీరలు గుర్తొస్తాయి కాబోలు, నాకు మాత్రం గాజుకళ్ల పులి, రెక్కలు చాపిన గద్ద, ఏనుగు ఎముకలగూడు, వాటి నడుమ నడుం మీద చెయ్యి పెట్టుకుని "మే, నా సామి యాడుండాడే?" అని నన్ను నిలదీస్తున్న మా అవ్వ గుర్తొస్తుంది. నవ్వకండి. నేను మొదటిసారి మద్రాసు చూసిన రోజు వాసన అది.

ఆ కాలంలో మా తిరుపతి వైపు జనం మద్రాసులోని జంతువుల తోటను బతికిన కాలేజీ అనీ, మ్యూజియాన్ని సచ్చిన కాలేజీ అనీ అనేవాళ్లు. కాలేజీ అని ఎందుకన్నారో నాకిప్పటికీ తెలియదు, అక్కడ అయ్యవార్లు లేరు, ఫీజుల్లేవు, లోపలికి టిక్కెట్టు కూడా లేదు, ఎవరైనా ఊరికే పోయి చూసి రావచ్చు. మా వీధిలో పోయొచ్చిన ప్రతివాడూ తిమింగలం ఎముకలు ఇంత పొడుగని చేతులు చాపేవాడు, గోడ తగిలితే తప్ప ఆపేవాడు కాదు. ఆ గొప్పలు వినలేక నాకు ఒళ్లు మండిపోయేది. ఎప్పుడు పోదాం, ఎప్పుడు పోదాం అని నాయన ప్రాణం తోడేసేదాన్ని.

అవ్వ ఆత్రం వేరు. అవ్వ నాయనకు తల్లి. ఆమె పుట్టిల్లు వడమాలపేట పక్కన చిన్న పల్లె. ఆమె లంగా కట్టుకుని తిరిగే వయసులో వాళ్ల నాయన చెనక్కాయల చేను దున్నుతుంటే నాగలి కర్రు రాతికి తగిలిందట. తవ్వి చూస్తే శంఖచక్రాలతో పెరుమాళ్లు! ఎడమ భుజం మీద కర్రు గీసిన గాయం. ఊరంతా కదిలొచ్చి చేనులోనే పొంగళ్లు పెట్టారట, అవ్వేమో రోజూ పొద్దున్నే పోయి, నొప్పి తగ్గుతుందని ఆ గాయానికి పసుపు అద్దేదట. కొన్నాళ్లకు ఆఫీసర్లు వచ్చి, ఎద్దులబండిలో గడ్డి పరిచి సామిని పడుకోబెట్టి మద్రాసుకు తీసుకుపోయారు. అప్పుడు మా జిల్లా మద్రాసు కిందే ఉండేది. అవ్వ బండి వెనకాల ఏడుస్తూ చెరువుకట్ట దాకా పరిగెత్తింది.

"సామిని తీసకపోయి సచ్చినవాటి నడుమ పెట్టినారే! ఆయప్పకు తోడెవురుండారు?" అనేది అవ్వ, ఎప్పుడు ఆ మాట వచ్చినా కళ్లొత్తుకుంటూ. కంట్లో పొర కమ్ముకొస్తోంది, చూపు పోయేలోగా ఒక్కసారి ఆ సామిని చూడాలి. ఇంక వేరే కోరికే లేదు ఆమెకు.

నాయనది కొండ మీద గుడిలో పని. సామి ముందర వరస పక్కన నిలబడి, వచ్చినవాళ్లను వచ్చినట్టే "జరగండి, జరగండి" అని ముందుకు పంపడం. ఆ మాట ఆయన నోటికి ఎంత అలవాటంటే నిద్రలో కూడా "నడవండమ్మా" అని కలవరించేవాడు, ఇంట్లో బొరుగుల గిన్నె చుట్టూ మేం ముసురుకున్నా అదే పాట.

వేసవి సెలవుల్లో ఒకరోజు మొత్తానికి బయలుదేరాం. అవ్వ కోడికూతతో లేచి పులిహోర కలిపింది. చింతపండు పులుసు, ఇంగువ, ఎర్రగా వేగిన చెనక్కాయ గింజలు, ఆ వాసనకు రైలుపెట్టెలో సగం మంది మా సంచీవైపే చూశారు. పుత్తూరు ఇంకా రాకముందే అవ్వ కిటికీలోంచి తన పుట్టింటివైపు దణ్ణం పెట్టింది. మామిడికాయ ముక్కలకు ఉప్పూకారం అద్ది అమ్మేవాడు, మల్లెపూల గంపలు, దాటేకొద్దీ తెలుగు తగ్గి అరవం పెరిగే స్టేషన్లు, నాకు ఒక్కచోట కాళ్లు నిలవలేదు.

సచ్చిన కాలేజీ లోపల అడుగు పెట్టామో లేదో గుప్పుమని ఆ కలరా ఉండల వాసన. ఎదురుగా పులి! అబ్బ! నోరు తెరిచి నిలబడ్డానో లేదో వెనక నుంచి నాయన చెయ్యి నా వీపు మీద పడింది. జనాన్ని చూసేసరికి ఆయన చెయ్యి దానంతటదే లేచింది, పాపం. "జరగండి, జరగండి! యాడా నిలబడొద్దు!" ఆ గొంతులో ఏముందో గాని, తెలుగు ముక్క రాని అరవవాళ్లు కూడా బుద్ధిగా వరస కట్టి కదిలారు. కత్తులు, కాసులు, పాములసీసాలు, రాతిబొమ్మలు కళ్ల ముందర గిర్రున తిరిగిపోయాయి. తిమింగలానికి తోక చూశాను, తల చూడలేదు. కళ్లు మూసి తెరిచేలోగా అందరం బయట ఎండలో ఉన్నాం. నేనైతే లడ్డు పెడతారేమోనని చెయ్యి కూడా చాపాను.

"దర్శనం బాగా అయింది," అన్నాడు నాయన చెమట తుడుచుకుంటూ.

"ఏం దర్శనంరా!" అంది అవ్వ. "నా సామిని సూపీకనే బయటికి తోసేస్తివే! కన్నతల్లిని తోసినావు గదరా!"

నాయన మొహం మాడిపోయింది. "బయటికొచ్చేసినాం గదమ్మా, ఇంగెట్ల?" అన్నాడు. ఆయనకు తెలిసిన లోకంలో ఒకసారి బయటపడ్డవాడు మళ్లీ లోపలికి పోవాలంటే మొదటి నుంచి వరసలో రావలసిందే. అవ్వ మెట్ల మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నాకూ ఏడుపు ముంచుకొచ్చింది.

గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న కాపలా ఆయన ఇదంతా చూసి నవ్వి, అరవం కలిసిన తెలుగులో అన్నాడు, "టిక్కెట్టు లేదు గదమ్మా, ఎన్ని తూర్లైనా పో. ఈడ ఎవురూ తొయ్యరు."

"నిజంగానా అప్పా?" అన్నాడు నాయన. ఆయన నమ్మడానికి చాలాసేపు పట్టింది.

రెండోసారి ఎంత తీరిగ్గా నడిచామో! తిమింగలం తల దగ్గర నిలబడి దాని దవడలో నాలాంటివాళ్లు ఎంతమంది పడతారో లెక్కగట్టుకున్నాను. రాతివిగ్రహాల గదిలో మాత్రం దిక్కు తోచలేదు. ఒకటా రెండా, ఎటు చూసినా సాములే. పొర కమ్మిన కళ్లతో అవ్వ ఒక్కో సామి ముందర నిలబడి, "ఈయప్ప కాదు," అంటూ పక్కకు కదులుతోంది. గది చివరికొచ్చేశాం, కిటికీ పక్కన ఇంకొక్కటే మిగిలింది. అవ్వ చూపుడువేలు ఎడమ భుజం మీద పడింది, వెతికింది, ఆగింది.

"మే! మా నాయన కర్రు!" గదంతా దద్దరిల్లేలా అరిచింది అవ్వ. "ఇంగా మానలేదే!"

నేను ఎగిరి గంతేశాను. అరుపు విని జనం మా మీదికి ముసురుకున్నారు. అప్పుడు నాయన రెండు చేతులూ బారచాపి అవ్వ వెనకాల గోడలా నిలబడ్డాడు. "ఉండండి, ఉండండి. నిదానంగా సూడనీండి," అన్నాడు. ఆయన నోట ఆ మాట నేనెన్నడూ వినలేదు.

అవ్వ సామికి ఇంటి సంగతులన్నీ చెప్పింది, పెళ్లిళ్లూ పురుళ్లూ పోయినవాళ్లూ అన్నీ. చివరికి చుట్టూ ఉన్న సాములను చూసి, "ఇంతమంది తోడుండారు, ఇంగ నాకు బెంగలేదు," అంది. బయట చెట్టునీడలో కూర్చుని తిన్న ఆ పులిహోర రుచి మళ్లీ ఎక్కడా తగలలేదు.

మొన్న ఆ వాసన తగలగానే దుప్పట్లు అక్కడే పడేసి, "పోదాం పా నాయనా," అన్నాను. ఆయన పని నుంచి దిగిపోయి చాలా ఏళ్లయింది. అవ్వ లేదు. మద్రాసు పోయి చూస్తే సచ్చిన కాలేజీ గుమ్మం దగ్గర ఆ స్టూలు లేదు, లోపలికి టిక్కెట్టు ఉంది, పులి బొచ్చు వెలిసిపోయింది, తిమింగలం ముందర నోరు తెరిచేవాళ్లకన్నా దానికి వీపు తిప్పి సెల్‌ఫోన్ పట్టుకున్నవాళ్లే ఎక్కువ. సామి మాత్రం ఆ కిటికీ పక్కనే ఉన్నాడు. నాయన వంగి ఆ భుజం వైపే చూస్తున్నాడు. వెనకాల బడిపిల్లలు కిటకిటలాడుతుంటే కుర్ర కాపలాదారు వచ్చి, "జరగండి పెద్దాయనా, జరగండి," అని అరవంలో అన్నాడు.

"రవంత తాళప్పా," అన్నాడు నాయన. "మా యమ్మ సూడమన్నది సూస్తా ఉండా."

ఎన్ని వేలమందిని జరిపాడో మా నాయన. ఆ రోజు ఆయన మాత్రం జరగలేదు.