నాలుగో సంతకం

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. మా ఇంట్లో కనబడిన బల్లి నేను బజారుకు వెళ్లేసరికి ఉడుమవుతుంది. కోరుట్లలో నన్నెరిగినవాళ్లు నేను చెప్పినదాన్ని నాలుగుతో భాగించి వింటారు. మీరూ అలాగే వినండి. దయ్యాల గురించి మాత్రం నేనెప్పుడూ పెంచి చెప్పలేదు. అవి ఉన్నాయని నమ్మలేదు కాబట్టి. అసలే లేనిదాన్ని పెంచడం నాకూ చేతకాదు.

నేను డ్రాయింగు మాస్టరును. నా పిచ్చి యుద్ధ విమానాల బొమ్మలు. చిత్రకారుడు వేసిన బొమ్మను లెక్కపెట్టి కొన్ని ప్రతులే అచ్చు వేస్తారు. కింద తెల్లటి అంచు మీద ప్రతి నంబరు, చిత్రకారుడి సంతకం, ఆ విమానాలు నడిపినవాళ్ల సంతకాలు పెన్సిలుతో ఉంటాయి. ఎవరూ ముట్టుకోకపోతే పెన్సిలు వందేళ్లు ఉంటుంది. ముట్టుకుంటే అర నిమిషం.

నా దగ్గరున్న వాటిలో నా ప్రాణమంతా ఒకదాని మీదే. నది మీద బాగా కిందుగా పోతున్న నాట్ అనే రకం చిన్న యుద్ధ విమానాలు నాలుగింటి బొమ్మ. నాలుగు విమానాలు, నలుగురు పైలట్లు. బొమ్మను అట్టగొట్టంలో చుట్టి, తిరుగు తపాలాకు బిళ్లలు పెట్టి, ఒక్కొక్కరికీ పంపి మూడు సంతకాలు సంపాదించాను. నాలుగో ఆయనకు పదకొండు ఉత్తరాలు రాశాను. బయట నలభై అని చెబుతాను. పదకొండోదానికి ఆయన కూతురు జవాబిచ్చింది. నాన్నగారికి చాలా రోజులుగా చేయి వణికేదట, పోయిన నెలలో కాలం చేశారట.

ఆ నాలుగో సంతకం కూడా ఉన్న ప్రతి సిరిసిల్లలో ఉంది. మా సడ్డకుడు, అంటే మా ఆవిడ అక్క భర్త, లక్ష్మీరాజం అన్న దగ్గర. ఆయనకు బొమ్మల ఓనమాలు తెలియవు. వైమానిక దళంలో మెకానిక్‌గా చేసి వచ్చాడు, అంతే. బతుకు మొత్తంలో ఒక్క బొమ్మ కొన్నాడు, ఆ ఒక్కదాని మీదా నాలుగు సంతకాలు. పైగా ప్రతి నంబరు పన్నెండు. నాది ఎనభై ఆరు. ఈ లోకంలో నంబరు ఎంత చిన్నదైతే మనిషి అంత పెద్దవాడు.

ఇదెక్కడి న్యాయమని ఒకసారి నవ్వుతూనే అడిగాను. ఆయన నవ్వలేదు.

"నువ్వు ఉత్తరాలు రాసినవ్ తమ్మీ. నేను పొద్దుగాల పొద్దుగాల గా సారును విమానంల కూసుండవెట్టి బెల్టు కట్టిన. గంతే ఫరకు."

ఆ మాట నా కడుపులో ఏడేళ్లు మండింది. సరే, ఏడు నెలలు.

దానికి తోడు జగిత్యాలలో ఒక ఫ్రేముల షాపు. దేవుళ్లకూ పోయినవాళ్లకూ తప్ప ఇంకెవరికీ ఫ్రేము కట్టని మనిషికి నా బొమ్మ ఇచ్చాను. తెచ్చుకునేసరికి కింది అంచు మాయం. "ఎవలో పిలగాండ్లు పెన్సిల్‌తోని గీకిండ్రు సార్, మంచిగ కనవడ్తలేదని లోపటికి మడతవెట్టిన" అన్నాడు. అద్దం మీద, సరిగ్గా రెండో విమానం ముక్కు మీద, కుంకుమ బొట్టు కూడా పెట్టాడు. నా మూడు సంతకాల మీదుగా ఆ మడత ఇప్పటికీ ఉంది. ఈ సంగతి విన్న లక్ష్మీరాజం అన్న తనదానికి ఫ్రేమే కట్టించలేదు. రెండు అట్టల మధ్య పెట్టి, తెల్లబట్ట చుట్టి, బీరువాలో వదిన పట్టుచీరల కింద దాచాడు.

అప్పుడు తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. బళ్లు మూతబడ్డాయి, బస్సులు లేవు. పనిలేని మనిషికి కడుపుమంటే కాలక్షేపం. ఒక పొద్దున స్కూటరు తీశాను. చొక్కా జేబులో కొత్త రబ్బరు, కాగితం తొడుగు అప్పుడే విప్పింది. ఎందుకు పెట్టుకున్నానో మీకు అర్థమైంది, నాకూ తెలుసు. నాకు దొరకనిది ఆయనకూ ఉండకూడదు.

మేడిపల్లిలో రోడ్డు మీద వంటావార్పు. పొయ్యిలు వెలిగించి అడ్డంగా కూర్చున్నారు, తిననిదే బండి కదలనియ్యమన్నారు. కొడిమ్యాలలో మళ్లీ అదే. నాలుగు కిలోల పులిహోర కడుపులో, రబ్బరు జేబులో వేసుకుని సిరిసిల్ల చేరాను.

ఊళ్లో సాంచాలు బందున్నాయి. మామూలు రోజుల్లో ఆ మరమగ్గాల చప్పుడుకు పక్కమనిషి తిట్టినా వినబడదు. ఆ రోజు మాత్రం గోడ మీద చీమ దగ్గినా వినబడేలా ఉంది.

వదిన రిలే దీక్ష శిబిరంలో ఉంది. అన్న బల్ల మీద బట్ట విప్పి బొమ్మను నా ముందు పెట్టాడు. శిబిరానికి చాయ్ ఇచ్చి వస్తానని క్యాను అందుకున్నాడు. చాయ్ దీక్షలో ఉన్నవాళ్లకు కాదు, వాళ్లను చూడ్డానికి వచ్చినవాళ్లకు.

"చూసుకుంట కూసో తమ్మీ, ఇప్పుడే అస్త. చేతులు కడుక్కున్నవా?"

కడుక్కున్నానన్నాను. ఆయన వెళ్లాడు.

నాలుగో సంతకం చూశాను. గతుకుల రోడ్డు మీద బస్సులో కూర్చుని రాసినట్టుంది. చివరి అక్షరం దగ్గర చేయి జారి, చిన్న తోక ఒకటి కిందికి పోయి ప్రతి నంబరును తాకింది. రబ్బరు తీశాను. కాగితానికి అంగుళం దూరంలో ఆపాను. నాకు పట్టిన చెమటతో మానేరు డ్యాము గేటు ఒకటి ఎత్తొచ్చు. ముసలాయన వణికే చేత్తో పెట్టిన గుర్తు అది. రబ్బరు మళ్లీ జేబులో వేసుకున్నాను. అన్న తిరిగొచ్చి, బొమ్మ వైపు చూడకుండానే బట్ట చుట్టేశాడు. చాయ్ తాగి ఇల్లు చేరాను.

నాలుగో రోజు మా ఆవిడ బట్టలు నానబెడుతూ జేబులోంచి రబ్బరు తీసింది.

"మొన్ననే కొన్నవ్ గద. గిదేంది, గప్పుడే గింత అరిగింది?"

ఒక మూల నల్లగా, గుండ్రంగా అరిగిపోయి ఉంది. జేబు అడుగున నల్లటి పొట్టు. బడి లేదు. ఇంట్లో నేను గీత గీసింది లేదు.

సిరిసిల్లకు ఫోను చేసి, బొమ్మ ఒకసారి చూడమన్నాను. బీరువా తలుపు కిర్రుమనడం నాకు వినబడింది.

"నాలుగు సంతకాలున్నయ్ తమ్మీ. యాడికి పోతయ్?"

సంతకం ఉంది. రబ్బరు అరిగింది. దేన్ని తుడిచి అరిగింది? ఇన్నేళ్లుగా ఈ కథ ఇంతవరకే చెబుతూ వచ్చాను. జగిత్యాలలో ఇద్దరు మాస్టర్లు నమ్మారు కూడా.

ఇక కల్పించిందేదో చెప్పాలి. పులిహోర నాలుగు కిలోలు కాదు, రెండు విస్తర్లు. అది లెక్కలోకి రాదు. కల్పించింది ఒక్కటే. రబ్బరు అంగుళం దూరంలో ఆగలేదు.

తుడిచాను. ఒక చివర నుంచి మెల్లగా, కాగితం చిరగకుండా, పిల్లలకు నేర్పే పద్ధతిలో. సాంచాలు ఆగిన ఊళ్లో ఆ కిసకిస ఎంత గట్టిగా వినబడిందో. తోకను కూడా వదల్లేదు. పొట్టును అరచేతిలోకి దులుపుకుని జేబులో పోసుకున్నాను. అక్కడ మిగిలింది తెల్ల కాగితం. ఆ తరువాత నాలుగు రోజులు ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. నా జన్మలో ఒక్క సంగతే తగ్గించి చెప్పాను, అది ఇదే.

సమ్మె ఆగి బస్సులు తిరగ్గానే సిరిసిల్ల వెళ్లి చూశాను. సంతకం ఉంది. అదే వణుకు, అదే తోక. బొమ్మను కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టాను. రబ్బరు తగిలిన చోట కాగితం మీద నూగు లేస్తుంది. అది లేచే ఉంది. దాని మీద పెన్సిలు. అంటే నేను తుడిచాకే ఎవరో మళ్లీ పెట్టారు.

అన్నే పెట్టి ఉంటాడంటారు. నేనూ అనుకున్నాను. ఏదో అడ్రసు కావాలని ఆయనతో ఇంగ్లీషులో రాయించి చూశాను. ఆయన రాత మగ్గం మీది దారాల్లా తిన్నగా ఉంది. కావాలని వణికించినా ఆ వణుకు రాదు. ఇరవయ్యేళ్లుగా పిల్లల దొంగగీతలు పట్టినవాణ్ని, నాకు తెలుస్తుంది. ఆయన ఇంతవరకు నన్నేమీ అడగలేదు. వెళ్లినప్పుడల్లా చేతులు కడుక్కున్నవా అంటాడు, అది ముందునుంచీ అనేదే.

ఇది నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. భయం పోయింది, కడుపుమంట పోలేదు. పోయిన మనిషే వచ్చాడనుకోండి. రెండోసారి కూడా అన్నకే పెట్టి పోయాడు. పదకొండు ఉత్తరాలు రాసినవాణ్ని, నాకు ఒక్కసారీ పెట్టలేదు.

నా బొమ్మను ఫ్రేములోంచి తీసి, మడత సాపు చేసి, పక్కన చెక్కిన పెన్సిలు ఒకటి పెట్టాను. ఏళ్లయింది. దాని మొన అరగలేదు.