పాలబండి వెనకాల

మదనపల్లెలో మేము దిగేసరికి మిట్టమధ్యాహ్నం. రెండు లారీలు, ఒక అంబులెన్సు, నాలుగు గుడారాలు, గడ్డిలో చుట్టిన సెలైన్ సీసాల పెట్టెలు. బడి మైదానంలో గుడారాలు వేయమని ఆర్డరు. నేల ఎంత గట్టిగా ఉందంటే కొట్టిన మేకులు వంకర పోయాయి. ఎనభైల్లో వచ్చిన ఒక కరువు ఏడాది అది. బావులు అడుగంటాయి. మిగిలిన బురదనీళ్లే పశువులూ మనుషులూ తాగారు. ఊళ్లకు ఊళ్లు వాంతిభేదులతో పడిపోతే, ఆసుపత్రికి చేతకాక సైన్యాన్ని పిలిచారు.

కుప్పంలో ఇప్పటికీ నన్ను ఏ సరిహద్దులో పనిచేశావని అడుగుతారు. సరిహద్దులోనూ చేశాను. ఆ చలి ఒంట్లోంచి ఎప్పుడో పోయింది. ఇది పోలేదు. ఇంటికి ఒక పూట బస్సు దూరంలో జరిగింది కాబట్టి వినేవాళ్లకు గొప్పగా తోచదు. తోచకపోతే మానె.

నేను అంబులెన్సు డ్రైవర్ని. బండి మదనపల్లెలో ఉండేది. పుంగనూరులో మా వైర్‌లెస్ ఆపరేటర్, మలయాళీ, ఒక్కడే గుడారంలో ఉండేవాడు. పలమనేరు దారిలో ఏ ఊళ్లోనైనా మనిషి పడిపోతే, ఎవరో ఒకరు సైకిలు తొక్కుకుంటూ పుంగనూరు వచ్చి అతనికి చెప్పాలి. అతను మాకు చెప్పాలి. అప్పుడు నేను బండి తీయాలి. ఈలోగా ఊరివాళ్లు రోగిని మంచంతో సహా మోసుకొచ్చి తారురోడ్డు పక్కన దించేవాళ్లు. నేను ఎప్పుడొస్తానో వాళ్లకు తెలియదు. ఏ మలుపులో ఎందరున్నారో నాకు తెలియదు.

మొదటి వారంలోనే, మట్టిదారి చీలే చోట, మైలురాయి పక్కన గంగులప్ప కనిపించాడు. ఆవులు మేపుకునే మనిషి. మంచం మీద ఆయన భార్య. నేను వెళ్లేసరికే ప్రాణం పోయింది. కూతురు నారాయణమ్మకు పన్నెండేళ్లుంటాయి. తల్లి ముఖం మీద ఈగలు తోలుతోంది. గంగులప్ప తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

"ఇంక నాకు ఈ పాప ఒగతే ఉండాదప్పా" అన్నాడు.

లలితమ్మ వచ్చింది ఆ తర్వాతే. బెంగుళూరులో వ్యాపారం ఎలా నడపాలో నేర్పే కాలేజీలో లెక్చరర్. తెలుగావిడే. పలమనేరు దారిలో పాలు ఎందుకు విరిగిపోతున్నాయో తెలుసుకోవడానికి అప్పటికే నెలల తరబడి పాలబండి వెంట తిరుగుతోంది. పాలు బండిలో విరగడం లేదు, బండి కోసం ఎండలో క్యాన్లు కాచుకున్నప్పుడు విరుగుతున్నాయి అని తేల్చింది. బండికి కచ్చితమైన వేళ పెట్టించింది, పాలు నిలిచాయి. ఆ క్యాన్ల పక్కనే మా రోగుల మంచాలు చూసి, నేరుగా మా డాక్టర్ కెప్టెన్ దగ్గరికి వచ్చింది.

కెప్టెన్ చిరాకుపడ్డాడు. ఇది ఆసుపత్రి, అంగడి కాదన్నాడు. నేనూ లోలోపల నవ్వుకున్నాను. పాల లెక్కలు చూసే మనిషి వాంతిభేదులకు మందు చెబుతుందా అని. ఆమె పట్టించుకోలేదు. వారం రోజులు నా పక్క సీట్లో కూర్చుని, ప్రతి మంచం దగ్గరా అదే ప్రశ్న అడిగింది, ఎంతసేపటి నుంచి కాచుకున్నారని. తర్వాత కెప్టెన్‌కు తేల్చి చెప్పింది. గుడారం చేరినవాళ్లు దాదాపు అందరూ బతుకుతున్నారు, పోయేవాళ్లు రోడ్డు పక్కనే పోతున్నారు, ఇంకా డాక్టర్లూ సీసాలూ అడగడం కాదు, బండి ఎప్పుడొస్తుందో ఊళ్లకు తెలియాలి అని. బండిని పుంగనూరులో పెట్టండి, ఎవరూ పిలవకపోయినా పొద్దునా సాయంత్రమూ పాలబండి వెనకే పంపండి అంది.

కెప్టెన్ సిగరెట్ ఆర్పి, "రేపటి నుంచి" అన్నాడు.

పొద్దున ఆరున్నరకు పాలబండి, దాని దుమ్ములోనే నేను. ఆ వేళకు మంచాలు సిద్ధంగా ఉండేవి. రోడ్డు పక్కన చావులు ఆగిపోయాయని చెప్పను, అబద్ధమవుతుంది. బాగా తగ్గాయి. గంగులప్ప అయితే ఊరూరా తిరిగి టముకు వేసినట్టు చెప్పాడు. పాలబండి పోతానే మిలిట్రీ బండి వస్తాదని. తన మలుపులో రోగి ఉంటే, నాకు దూరం నుంచే కనబడాలని మంచం కోడుకు ఎర్ర తువ్వాలు కట్టేవాడు. భార్యను దించిన చోటే నిలబడి, పరాయివాళ్ల మంచాలకు చేయి పట్టేవాడు. ఆ మనిషి ముందు నాకు తల ఎత్తబుద్ధి అయ్యేది కాదు.

బెంగుళూరు వెళ్లిపోయే ముందు లలితమ్మ కెప్టెన్‌కు ఇంకో మాట చెప్పింది. నేను అక్కడే టైరు మారుస్తున్నాను.

"బండి ఆపాల్సి వస్తే ముందు ఊళ్లకు చెప్పి ఆపండి. ఇప్పుడు వాళ్లు మన బండినే నమ్ముకుని, రోగి కోసం సొంతంగా ఎడ్లబండి కట్టడం మానేశారు."

కెప్టెన్ సరేనన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు, ఆయన చెడ్డవాడు కాడు.

వాన పడింది. కేసులు తగ్గాయి. ఒక సాయంత్రం నేను మదనపల్లె గుడారాల దగ్గర రోగులను దించుతుండగా వైర్‌లెస్‌లో పుంగనూరు ఆపరేటర్ గొంతు వచ్చింది.

"ప్యాక్ అప్. తెల్లవారేసరికి బండ్లన్నీ బెంగుళూరు దారి పట్టాలి. ఓవర్."

"ఊళ్లకు ఎవరు చెబుతారు? ఓవర్" అన్నాను.

"ఆర్డర్‌లో అది లేదు. ఔట్."

కెప్టెన్ ఆసుపత్రికి మనిషిని పంపి, వాళ్ల జీపును పాలబండి వెనక తిప్పమన్నాడు. చూస్తామన్నారు. చూస్తామంటే ఏమిటో మన దేశంలో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు. నాకు అక్కడి నుంచే సెలవు ఇచ్చారు. బండి తాళాలు ఇంకో డ్రైవరుకు అప్పజెప్పి, పెట్టె పట్టుకుని కుప్పం బస్సు ఎక్కాను.

పుంగనూరు దాటేసరికి ఎనిమిదిన్నర. సన్నగా తుంపర. కిటికీలోంచి ముందు ఎర్ర తువ్వాలు కనబడింది. తర్వాత మంచం. బస్సు ఆపమని అరిచాను.

మంచం మీద నారాయణమ్మ. కళ్లు గుంటల్లోకి పోయాయి. చర్మం పట్టి వదిలితే మళ్లీ పరుచుకోలేదు. గంగులప్ప నన్ను చూసి, నా వెనక బండి కోసం చూశాడు. బండి లేదు, బస్సు ఉంది.

"పాలబండాయన ఆపినాడప్పా. ఎక్కించుకొని పోతానన్నాడు. మీ బండి ఎనకాలే వస్తాండాదని నేనే పొమ్మంటి."

కండక్టర్ రోగిని ఎక్కించుకోనన్నాడు. యూనిఫాంలో ఉన్నాను కాబట్టి వాడు నోరు మూసుకున్నాడు. పిల్లను నేనే ఎత్తాను, బరువే లేదు. వెనక సీట్లో తండ్రి ఒళ్లో పడుకోబెట్టాను. నా పెట్టెలో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి. ఒక్క సెలైన్ సీసా లేదు. ఆ వేళకు పెట్టెలకు పెట్టెలు బెంగుళూరు దారిలో ఉన్నాయి. పలమనేరు ఇంకా రాకముందే పిల్ల పోయింది. గంగులప్ప చాలాసేపు ఆ సంగతి ఒప్పుకోలేదు, పిల్ల మీద కప్పిన నా దుప్పటిని సర్దుతూనే ఉన్నాడు.

లలితమ్మ మొదటి మాట విన్నాం, ఊళ్లు బతికాయి. రెండో మాట వినలేదు. నాకు కోపం ఎవరి మీదని అడిగితే పేరు చెప్పలేను, కోపం మాత్రం ఉంది.

కుప్పంలో మా వీధికి ఇప్పుడు పొద్దున్నే పాలబండి వస్తుంది. ఆ చప్పుడుకు లేచి కూర్చుంటాను. బస్సు కదిలినప్పుడు వెనక అద్దంలోంచి చూసిందే కనబడుతుంది. మైలురాయి పక్కన ఖాళీ మంచం, వానలో తడుస్తోంది. నాకు కనబడాలని కట్టిన తువ్వాలు దాని కోడుకు అలాగే ఉంది.