హార్మోనియం కప్పుకున్న రగ్గు

మాది కైకలూరు దగ్గర ఊరు, చుట్టూ చేపల చెరువులే. డిసెంబరులో పొగమంచు ఇళ్ళలోకి కూడా వచ్చేస్తుంది. మా అమ్మ చర్చిలో హార్మోనియం వాయించేది; ఆ పెట్టె మా ఇంట్లోనే ఉండేది. చెమ్మ తగిలితే దాని మెట్లు ఉబ్బిపోయి, నొక్కినవి పైకి లేచేవి కావు. అందుకని ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి రగ్గు అమ్మ దానికి కప్పేది. తెల్లారకముందే చేపలకి మేత వేయడానికి వెళ్ళే నాన్న తలకి తువ్వాలు చుట్టుకునేవారు.

ఒక క్రిస్మస్ ముందు ఆయనకి జలుబు చేసింది. అమ్మకి చెప్పకుండా ఆ రగ్గు కప్పుకుని చెరువుకి వెళ్ళి, అక్కడే మర్చిపోయి వచ్చారు.

పండగ ఆరాధనలో మొదటి పాటకే ఒక మెట్టు కిందికి దిగి లేవలేదు. అమ్మ గోటితో పైకెత్తితే మళ్ళీ దిగింది. పాట అయిపోయినా, లోపల గాలి మిగిలి 'కూ' అంటూనే ఉంది. ప్రార్థనకి లేచిన పాస్టరు గారి గొంతు తెలియకుండానే ఆ శ్రుతిలో కలిసింది. హార్మోనియం ఆగింది గానీ ఆయన అందులోంచి బయటపడలేకపోయారు. ప్రార్థన మొత్తం రాగం తీశారు. నేను, అక్క ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఆమెన్ అన్నాక కూడా నాన్న తలెత్తలేదు.

బయటికొచ్చాక ఒక పెద్దావిడ అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఈ ఏడు ప్రార్థనక్కూడా శ్రుతి పెట్టావు గదమ్మా, ఎంత బావుందో."

"అంతా మా ఆయన చలవేనండీ," అంది అమ్మ.

ఆవిడ నాన్నకి కూడా వందనాలు చెప్పి వెళ్ళింది.