సిస్టర్ గారు చెప్పడం మానేసిన ఊరు

మొన్న శుక్రవారం ఉదయం గుడివాడ కాన్వెంటు నుంచి ఫోను వచ్చింది. మా సిస్టర్ గారు నిద్రలోనే వెళ్ళిపోయారట. తొంభై దాటిన మనిషి. ఆ కబురుకు సిద్ధంగానే ఉన్నాననుకున్నాను. కారు మాట్లాడతామన్న పక్కింటివారికి వద్దని చెప్పి, బందరు బస్టాండుకు వెళ్ళి బస్సెక్కాను. గుడివాడ కాన్వెంటులో ఒక చిన్న సిస్టరు, "మీరు ఆవిడకు ఏమవుతారండీ?" అని అడిగింది. "విద్యార్థినిని" అన్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా అంతకు మించిన బంధుత్వం నాకు తోచలేదు. ఎవరి చలవా లేకుండా బతికానని చెప్పుకునే అలవాటు నాది. కాలేజీ గడప తొక్కింది మాత్రం ఆవిడ చలవ వల్లనే.

బందరు కాన్వెంటు బడిలో ఆవిడ మాకు ఇంగ్లీషు చెప్పేవారు. ఐర్లండు దేశం నుంచి ఇరవయ్యో ఏట వచ్చారు. తెలుగు శ్రద్ధగా నేర్చుకున్నారు గాని, అందులో ఏకవచనం మాత్రం నేర్చుకోలేదు. బడి ఆవరణలోకి వచ్చిన మేకను, "దయచేసి బయటికి వెళ్ళండి" అని బతిమాలడం మేమందరం విన్నాం. వ్యాసాల్లో గొప్ప మాటలు దట్టిస్తే ఎర్ర సిరాతో కొట్టేసి, "చూసినది రాయండి, చాలు" అనేవారు.

పాఠం అయ్యాక పది నిమిషాలు మిగిలితే తన ఊరి సంగతులు చెప్పేవారు. నలభై ఇళ్ళు, ఒకటే వీధి, వీధి చివర మిట్ట మీద రాతి చర్చి. మేకులూ టీపొడీ అమ్ముతూ తపాలా పని కూడా చూసే కొట్టావిడ, ఊరందరి కార్డులూ చదివాకే పంచేదట. ఆదివారం పూజ మొదలైనా మగవాళ్ళు చర్చి గోడకు ఆనుకుని కబుర్లాడుతుంటే, వాళ్ళను లోపలికి తోలడానికి ఫాదర్ గారే బయటికి వచ్చేవారట. అక్కడ బురదనేలను ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో పెట్టుకుంటారు. ఏటా ఒక ఇంటికి పూజ వంతు వస్తుంది. ఫాదర్ గారు ఆ ఇంట్లోనే పూజ చేస్తారని నెల ముందునుంచీ సున్నాలు వేసుకుంటారు. ఊళ్ళో ఎవరైనా పోతే కొట్టు తలుపు ఓరగా మూస్తారు. గొయ్యి ఇరుగుపొరుగువాళ్ళే తవ్వుతారు; ఇంటివాళ్ళను పార పట్టనివ్వరు.

క్రమంగా ఆ ఊరివాళ్ళు మాకు చుట్టాలైపోయారు.

"సిస్టర్ గారూ, ఉత్తరం వచ్చిందాండీ? కొట్టావిడకీ కోడలికీ మాటలు కలిశాయా?" అని పెడన నుంచి వచ్చే నా స్నేహితురాలు అడిగేది.

"ఇంకా లేదండీ. ఉప్పు కావాలన్నా కుక్కతో చెబుతున్నట్టు చెప్పుకుంటారట."

"మా పిన్నీ అంతేనండీ!"

స్కూల్ ఫైనల్‌కు ముందు ఏడాది, మేము ఫిఫ్త్ ఫారంలో ఉండగా తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్ట్రెస్ గారు మా చేత "మా ఊరు" అని ఇంగ్లీషు వ్యాసం రాయించారు. మొదటి కాగితం నాది. చదివి కళ్ళజోడు తీసేశారు.

"ఏ ఊరమ్మా మీది?"

"కోడూరు దగ్గరండీ."

"కోడూరులో బురద కోసి పొయ్యిలో పెడతారూ?"

తరగతి నవ్వింది. మిగతా కాగితాలు చదువుతుంటే మాత్రం ఎవరూ నవ్వలేదు. పెడనకూ, కృత్తివెన్నుకూ, మిట్టన్నదే ఎరుగని మా పల్లపు ఊళ్ళన్నిటికీ మిట్ట మీద రాతి చర్చి వచ్చేసింది. అందరికన్నా బాగా రాసింది నేనే. ఆ గర్వమూ ఆ సిగ్గూ రెండూ నాకు ఇంకా గుర్తే.

"పిల్లల ఊళ్ళు పిల్లలకే లేకుండా చేశారు" అని ఇన్‌స్పెక్ట్రెస్ గారు కాన్వెంటు పెద్ద మదర్ గారితో అనడం తలుపు ఇవతలికి వినబడింది. సిస్టర్ గారిని బందరు నుంచి పంపేస్తారన్న మాట పుట్టింది. చివరకు ఒక షరతు మీద ఉండనిచ్చారు: తరగతిలో ఇక తన ఊరి ఊసెత్తకూడదు. ఆవిడ మాట ఇచ్చారు. మాతో మాత్రం, "తప్పు మీది కాదండీ. మీ ఊళ్ళ గురించి నేనే ఎప్పుడూ అడగలేదు" అన్నారు.

ఆనాటి నుంచి అడగడం మొదలుపెట్టారు. శనివారాల్లో మా ఊళ్ళు చూడడానికి వచ్చేవారు. మా ఇంటికీ వచ్చారు, బస్సు దిగి రెండు మైళ్ళు చేలగట్ల మీద నడిచి. మా నాయనమ్మ అరుగు మీద పీట వేసి, మజ్జిగ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది.

"అమ్మ ఉందా నీకు?"

"ఉన్నారండీ."

"చూసి ఎన్నాళ్ళయింది?"

"ఆరేళ్ళండీ."

"మళ్ళీ ఎప్పుడెళ్తావు?"

"వెళ్ళనండీ. మా మఠం నియమం."

ఆవిడ వెళ్ళిపోయాక నాయనమ్మ పీట తీసి లోపల పెట్టింది. తర్వాత నాతో, "ఆ ఊరి సంగతి ఎత్తద్దంటే ఎట్టాగే? నోటితో తప్ప వెళ్ళడానికి ఇంకో దారుందా ఆ పిల్లకి?" అంది. అంతవరకూ ఆవిడ ఆ కబుర్లన్నీ మా వేడుక కోసం చెప్పారనుకున్నాను. ఆ నియమం ఎన్నో ఏళ్ళకు గాని సడలలేదు.

మేము స్కూల్ ఫైనల్‌కు వచ్చాక కూడా ఆవిడ ఆ మాట మీదే ఉన్నారు. పది నిమిషాలు మిగిలితే వ్యాకరణం చెప్పేవారు. పెడన అమ్మాయి ఎంత గుచ్చి అడిగినా, "మీ పిన్ని గారు కులాసానా అండీ?" అని మళ్ళించేవారు.

ఒక సోమవారం ఉదయం కాన్వెంటు ఆయా గేటు దగ్గర మమ్మల్ని ఆపింది. "సిస్టరమ్మ తల్లి పోయిందంటమ్మా. ఐదు వారాలైందంట. ఉత్తరం ఇయ్యాలే వచ్చింది."

సిస్టర్ గారు గంట కొట్టగానే తరగతికి వచ్చారు. హాజరు పిలిచారు. పాఠం ఒక్క వాక్యం తగ్గకుండా చెప్పారు. పది నిమిషాలు మిగిలింది. వ్యాకరణం ఎత్తలేదు. బోర్డు వైపు తిరిగి, ఏమీ రాయకుండా, సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయారు.

మాట ఇచ్చింది ఆవిడ, మేము కాదు. నేను లేచి నిలబడ్డాను.

"సిస్టర్ గారూ, ఇవాళ కొట్టావిడ తలుపు ఓరగా మూసేసిందండీ."

ఆవిడ తిరగలేదు. పెడన అమ్మాయి లేచింది. "కోడలితో మాట్లాడిందండీ. కుక్కతో చెప్పకుండానే. ఇద్దరూ కలిసి మీ ఇంటికి టీ కాచి తెచ్చారు."

"గొయ్యి పొరుగువాళ్ళే తవ్వారండీ. మీవాళ్ళెవరినీ పార పట్టనివ్వలేదు" అని వెనక బెంచీ నుంచి ఒకరు అన్నారు.

"ఫాదర్ గారు బయటికి రాలేదండీ ఇవాళ. మగవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే లోపలికి వెళ్ళారు."

అలా ఒకరి తర్వాత ఒకరం లేచి, ఆ తల్లికి పూజ చేయించాం. నలుగురి భుజాల మీద ఎత్తించి, చర్చి పక్కనున్న సమాధుల తోట గేటు దాకా తీసుకువెళ్ళాం. అక్కడ ఆగిపోయాం. ఆ గేటు లోపల ఎలా ఉంటుందో ఆవిడ మాకు ఎప్పుడూ చెప్పలేదు. గదిలో ఎవరం కూర్చోలేదు.

ఆవిడ బోర్డు వైపే ముఖం పెట్టుకుని, "లోపల గడ్డి మోకాళ్ళ దాకా ఉంటుందండీ. చూసి నడవండి" అన్నారు.