మిల్లులో మొదటి సెర్బియన్ వాక్యం

ఎనభైల్లో మిర్యాలగూడ రైస్‌మిల్లులో యంత్రం బిగించడానికి యుగోస్లావియా నుంచి ఇంజనీరు వచ్చాడు. ఆయనకు సెర్బియన్ తప్ప మరో భాష రాదు. ఆ భాష ఒక్క ముక్క రాకపోయినా, మా తాత ఆ దేశంలో బండి తోలాడని చెప్పి, నేను దుబాసీ కొలువు సంపాదించాను.

మొదటిరోజే ఇంజనీరుకు ఒక్కోటీ వేలితో చూపించి నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. వడ్లయినా బియ్యమైనా ‘పిరినచ్’, పొడిగా ఉంటే ‘సువ్’. మనం ‘ఇది బియ్యం’ అని ఊరుకుంటాం. వాళ్లకు మధ్యలో ఇంగ్లీషు ‘ఈజ్’లా ‘యె’ పడాల్సిందే. కాదనాలంటే ‘నియె’.

మర్నాడు ఇంజనీరు మా హమాలీల్లాగే వడ్లగింజ కొరికి, “పిరినచ్ నియె సువ్” అన్నాడు.

“ఏమంటుండురా?” అని నన్నడిగాడు మిల్లు యజమాని సేటు. తప్పు చెబితే కొలువు ఊడుతుంది.

“వడ్లు పచ్చిగున్నయంటుండు సేటూ. ఇంక ఎండాలె.”

సేటు కూడా ఓ గింజ కొరికాడు. “నిజమేరా! మీ తాత గట్టోడే. రేపు గూడ రా.”

రేపటికో వాక్యం కావాలి. ఇంజనీరు చెయ్యి పట్టుకుని మంచినీళ్ల కుండ దగ్గరికి తీసుకెళ్లి, ‘దీన్నేమంటారు?’ అన్నట్టు వేలితో చూపించాను.